ఎనిమిది పేజీల కరపత్రం, తొమ్మిది నెలల కేసు: 1892లో హైదరాబాద్‌ని కుదిపేసిన కుంభకోణం

ముందే చెప్పేస్తున్నాను, ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దవాళ్ల వ్యవహారం. బూతులేమీ ఉండవు గానీ, హాల్లో అందరి ముందూ స్పీకర్‌లో పెట్టుకుని వింటే మధ్యలో ఆపేయాల్సొస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

1892 ఏప్రిల్, హైదరాబాద్. నిజాం సంస్థానంలో పెద్ద పెద్ద వాళ్ల మధ్య ఒక కరపత్రం తిరగడం మొదలైంది. ఇంగ్లీషులో ఉంది, ఎనిమిది పేజీలు. పేరు ‘యాన్ అప్పీల్ టు ది లేడీస్ ఆఫ్ హైదరాబాద్’, అంటే హైదరాబాద్ స్త్రీలకు ఒక విజ్ఞప్తి. రాసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

విజ్ఞప్తి ఏంటంటే, నిజాం ప్రభుత్వంలో హోం సెక్రటరీగా ఉన్న మెహదీ హసన్ భార్య గెర్ట్రూడ్ గురించి. ఆవిడ లక్నోలో వేశ్య అని రాశాడు. కొంతమంది మగవాళ్లు కలిసి ఆవిడని ఉంచుకున్నారనీ, వాళ్లలో మెహదీ హసన్ ఒకడనీ రాశాడు. అసలు వీళ్లిద్దరికీ పెళ్లే కాలేదన్నాడు. హైదరాబాద్ వచ్చాక పై అధికారుల దగ్గరకి ఆవిడని పంపించి ఈయన ప్రమోషన్లు కొట్టాడన్నాడు. ఇలాంటి మనిషిని మీరు మీ ఇళ్లకి పిలుస్తారా, పక్కన కూర్చోబెట్టుకుంటారా అని నగరంలోని ఆడవాళ్లని అడిగాడు. ఇవన్నీ ఆరోపణలే అండీ, ఏ ఒక్కటీ ఏ కోర్టులోనూ రుజువవలేదు. ఆ మాట ఇప్పుడే చెప్పి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఇలాంటి కథల్లో ఆరోపణ అందరికీ గుర్తుంటుంది, తీర్పు ఎవడికీ గుర్తుండదు.

ఇప్పుడైతే దీన్ని మనం ‘ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్’ అని నవ్వుకుంటాం. అప్పుడు ఈ ఎనిమిది పేజీల వల్ల తొమ్మిది నెలల విచారణ జరిగింది. బొంబాయి నుంచి, మద్రాసు నుంచి అప్పట్లో అందరికన్నా పేరున్న బారిస్టర్లు దిగారు. లండన్ దాకా పేపర్లలో వచ్చింది. ఒక హోం సెక్రటరీ పోస్టు ఊడింది. ఇంత జరిగినా, ఆ కరపత్రం రాసింది ఎవరు అన్న ప్రశ్నకి మాత్రం కోర్టు నుంచి సమాధానం రాలేదు. నాకు ఈ కథలో పట్టుకున్న ముల్లు అదే.

ముందు మనుషుల గురించి చెప్తాను.

మెహదీ హసన్‌ది లక్నో వైపు. ముస్లిం, చదువుకున్నవాడు, మొదట అక్కడే బ్రిటిష్ ప్రభుత్వంలో చిన్న ఉద్యోగం. గెర్ట్రూడ్ పూర్తి పేరు ఎలెన్ గెర్ట్రూడ్ డానెల్లీ. ఇండియాలోనే పుట్టిన బ్రిటిష్ అమ్మాయి. డానెల్లీ అనేది ఐరిష్ ఇంటిపేరు. ఇద్దరూ లక్నోలోనే పెరిగారు. 1880ల మొదట్లో హైదరాబాద్ వచ్చారు. అక్కడ మెహదీ హసన్ ఎక్కిన మెట్లు చూస్తే మన కార్పొరేట్ ప్రమోషన్లు పనికిరావు. హైకోర్టు చీఫ్ జస్టిస్ అయ్యాడు, తర్వాత హోం సెక్రటరీ. ఫతే నవాజ్ జంగ్ అనే బిరుదు వచ్చింది. 1888లో ఇంగ్లాండ్ వెళ్లాడు. ఆ ప్రయాణం డైరీ రాసుకున్నాడు, అది తర్వాత అచ్చయింది కూడా. భార్యాభర్తలిద్దరూ విక్టోరియా రాణిని కలిసొచ్చారు. గెర్ట్రూడ్ మొదట్లో పరదాలో ఉండేది, తర్వాత పరదా వదిలి విందులకీ పార్టీలకీ వెళ్లడం మొదలుపెట్టింది. దొరల ఇళ్లకీ వెళ్లేది, నవాబుల ఇళ్లకీ వెళ్లేది.

ఒక ఇండియన్ ముస్లిం మగాడు, పక్కన తెల్ల భార్య, ఇద్దరూ రాణిగారి దర్శనం చేసుకొచ్చి నగరంలో దర్జాగా తిరుగుతున్నారు. 1890లో ఇది ఎంతమందికి కడుపుమంటో ఊహించుకోండి. దొరలకీ మంటే, స్థానిక నవాబులకీ మంటే.

కానీ కడుపుమంట ఒక్కటే అయితే జనం వెనకాల నాలుగు మాటలు అనుకుని ఊరుకుంటారు. డబ్బు పెట్టి అచ్చు వేయించరు. అచ్చు దాకా వెళ్లిందంటే దాని వెనక రాజకీయం ఉంది. అది అర్థం కావాలంటే అప్పటి హైదరాబాద్ ఎలా నడిచేదో చూడాలి.

అప్పుడు గద్దె మీద ఉన్నది ఆరో నిజాం, మహబూబ్ అలీ ఖాన్. మూడేళ్లు నిండకముందే, 1869లో గద్దెనెక్కాడు, 1884లో పూర్తి అధికారాలు వచ్చాయి. ఓట్లు లేవు, ఎన్నికైన సభ లేదు, నిజాం మాటే చట్టం. అయితే ఆ మాట మీద ఇంకో మాట ఉండేది. కోఠీలో బ్రిటిష్ రెసిడెంట్ కూర్చునేవాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, అడ్మిన్ అకౌంట్ నిజాం గారిది, రూట్ యాక్సెస్ రెసిడెంట్‌ది. ప్రజలది లాగిన్ కూడా కాదు. తెలంగాణ రైతు కట్టిన శిస్తు మీద ఇదంతా నడిచింది గానీ, ఈ కథ మొత్తంలో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడు కూడా పెద్ద పాత్రలో కనపడడు. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగే. కరపత్రం ఇంగ్లీషు, కోర్టు ఇంగ్లీషు, దర్బారు ఉర్దూ. మన ఇంటి గొడవ మనకి అర్థం కాని భాషలో జరిగిందన్నమాట.

ఇక అధికారుల్లో రెండు వర్గాలు. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు పరిపాలనని బాగుచేద్దామని ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లని చాలామందిని తెచ్చాడు. 1883లో ఆయన చనిపోయాడు, వీళ్లు మాత్రం ఇంకా బలపడ్డారు. ఆ రోజుల్లోనే ఆఫీసుల్లో పారశీకం పోయి ఉర్దూ వచ్చింది. స్థానికులకి ఇది మండింది. మా ఊళ్లో ఉద్యోగాలు బయటివాళ్లకా అని. ముల్కీ, నాన్ ముల్కీ అనే మాటలు మీరు 1952 గొడవలోనో, 1969 ఉద్యమంలోనో విని ఉంటారు. ఆ మంటకి మొదటి పుల్ల గీసింది ఈ రోజుల్లోనే. మెహదీ హసన్ పక్కా నాన్ ముల్కీ. పైగా నాన్ ముల్కీల్లో మళ్లీ గ్రూపులు. ప్రధానమంత్రిగా ఉన్న ఆస్మాన్ జా చుట్టూ ఒక జట్టు, ఆయన్ని దించాలని చూసే జట్టు ఇంకోటి.

ఈ కరపత్రం కన్నా ముందే హైదరాబాద్ పేరు రెండుసార్లు బజార్న పడింది. 1888లో గనుల కుంభకోణం. మన సింగరేణి బొగ్గు ఉంది కదండీ, దాన్ని తవ్వే హక్కులు లండన్‌లో ఒక కంపెనీ పెట్టి ఇప్పించిన వ్యవహారంలో నిజాం అధికారి అబ్దుల్ హక్ పెద్ద మొత్తం కొట్టేశాడని గొడవై, బ్రిటిష్ పార్లమెంటే కమిటీ వేసి విచారించింది. తర్వాత 1891లో వజ్రం కేసు. సిమ్లాలో నగల వ్యాపారి జాకబ్‌కీ నిజాంకీ మధ్య వజ్రం కొనుగోలు గొడవ కోర్టుకెక్కి, సాక్షాత్తూ నిజాం గారు కమిషన్ ముందు వాంగ్మూలం ఇవ్వాల్సొచ్చింది. అంత రాజు ఒక వ్యాపారి కేసులో ప్రశ్నలకి జవాబులు చెప్పుకోవడం! తర్వాతి నిజాం పేపర్‌వెయిట్‌గా వాడాడని చెప్పుకునే జాకబ్ వజ్రం అదే. అంటే 1892 నాటికి అందరూ ఒక విషయం నేర్చేసుకున్నారు. హైదరాబాద్‌లో ఎవణ్నైనా దించాలంటే దర్బారులో వాదించక్కర్లేదు, స్కాండల్ చాలు.

మరి పేపర్లో రాయొచ్చు కదా, దొంగచాటు కరపత్రం ఎందుకు? ఇక్కడ చాలామంది దాటేసే ఒక ముక్క ఉంది. 1891 జూన్‌లో భారత ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. సంస్థానాల్లో బ్రిటిష్ వాళ్ల పాలన కింద ఉన్న ప్రాంతాల్లో, అంటే హైదరాబాద్ రెసిడెన్సీ బజార్లు, సికింద్రాబాద్ లాంటి చోట్ల, బ్రిటిష్ పొలిటికల్ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా పత్రిక నడపకూడదు. ఒక్క కాగితంతో పత్రికల గొంతు మీద కాలు పెట్టేశారు. అది వచ్చిన ఏడాది లోపే ఈ కరపత్రం. దానివల్లే ఇది పుట్టిందని నేను ఒట్టేసి చెప్పలేను గానీ, పేరు పెట్టి రాసేవాడి నోరు మూస్తే పేరు లేకుండా రాసేవాడికి పండగే.

మా గోదావరి వైపు చూడండి. అదే కాలంలో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు ‘వివేకవర్ధని’ నడిపారు. 1874లో మొదలుపెట్టారు. లంచాలు తినే కోర్టు ఉద్యోగుల గురించి, వేశ్యల ఇళ్లకి వెళ్లే పెద్దమనుషుల గురించి ఏకిపారేశారు. కోపం తెచ్చుకున్నవాళ్లు ఎంతమందో. కానీ అక్కడ పత్రికకి పేరుంది, రాసినాయనకి ఊళ్లో ఇల్లుంది, తప్పు రాస్తే కోర్టుకి లాగడానికి మనిషున్నాడు. ఇంకో తేడా చూశారా, వీరేశలింగం గారు వేలు చూపించింది డబ్బూ హోదా ఉన్న మగవాళ్ల వైపు. హైదరాబాద్ కరపత్రం రాసినవాడికి దించాల్సింది హోం సెక్రటరీని, కానీ రాయి వేసింది ఆయన భార్య మీద.

సరే, కేసులోకి వద్దాం.

పరువున్నవాడు ఏం చేయాలి? ఒకటి, చింపి పొయ్యిలో పడేసి ఊరుకోవాలి. రెండు, కోర్టుకెళ్లాలి. మెహదీ హసన్ స్వయంగా జడ్జి చేసిన మనిషి, కోర్టు మీద నమ్మకం ఎక్కువ. రాసినవాడు దొరకలేదు కాబట్టి అచ్చు వేసినవాడి మీద పడ్డాడు. ఎస్.ఎం. మిత్ర అని ఒక బెంగాలీ. కేసు రెసిడెన్సీ కోర్టులో, అంటే బ్రిటిష్ కోర్టులో. జడ్జి బోసాంకే. మెహదీ హసన్ తరఫున బొంబాయి బారిస్టర్ ఇన్వెరారిటీ. మిత్ర తరఫున మద్రాసు బారిస్టర్ ఎర్డ్లీ నార్టన్. ఈ నార్టన్ పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత అలీపూర్ బాంబు కేసులో అరవిందుడికి వ్యతిరేకంగా ప్రభుత్వం తరఫున వాదించింది ఈయనే. అచ్చు వేశాడన్న ఒక మామూలు మనిషి, అంత ఖరీదైన లాయర్‌ని నెలల తరబడి ఎలా పెట్టుకున్నాడు? ఆ ఫీజులు మిత్ర జేబులోంచే వచ్చాయని నమ్మడం నాకైతే కష్టమే.

ఇప్పుడు లా పాయింట్ ఒకటి. బోర్ అనుకోకండి, కథ మొత్తం తిరిగింది దీని చుట్టూనే. 1860 నాటి శిక్షాస్మృతిలో పరువునష్టం సెక్షన్ 499. దానికి మొదటి మినహాయింపు: చెప్పింది నిజమై, అది చెప్పడం ప్రజలకి మంచిదైతే నేరం కాదు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 356లో కూడా అదే ఉంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆచరణలో ఏమవుతుందంటే, ఒక ఆడమనిషిని పేరు లేనివాడు నానా మాటలూ అన్నప్పుడు, కేసు పెట్టగానే ప్రశ్న మారిపోతుంది. ‘ఎవడన్నాడు?’ నుంచి ‘ఆవిడ అలాంటిదేనా?’కి వచ్చేస్తుంది. బోనులో ఉన్నది మిత్ర, విచారణ జరిగింది గెర్ట్రూడ్ మీద.

తొమ్మిది నెలలు. లక్నో రోజుల్లో ఆవిడ ఎక్కడుంది, ఎవరితో ఉంది, ఎవరు చూశారు, పెళ్లి ఎక్కడ జరిగింది, జరిగిందని ఎవరు చెప్తారు. మేం ఆవిడతో ఉన్నాం అని సాక్ష్యం చెప్పడానికి మగవాళ్లు వచ్చారు. నిండు కోర్టులో, పేపర్ల వాళ్లు రాసుకుంటుండగా. తెల్లారేసరికి ఊరంతా చదువుకుంది.

పెళ్లి రుజువు అంటే నాకు మా ఊరే గుర్తొస్తుంది. మాది అన్నవరం. మా రత్నగిరి మీద సత్యదేవుడు వెలసింది 1891లో, అంటే ఈ కరపత్రానికి ఒక్క ఏడాది ముందు. పెళ్లైన కొత్త జంటలు పసుపు బట్టలతో, కాళ్ల పారాణి ఆరకుండా వచ్చి పక్కపక్కన పీటల మీద కూర్చుని వ్రతం చేసుకుంటారు. కొండ మీదే పెళ్లి చేసుకునేవాళ్లూ తక్కువేం కాదు. మంచి ముహూర్తం ఉన్న రాత్రి కొండెక్కితే ఎటు చూసినా బాజాలే. ఇప్పుడైతే ఫోటోలు, వీడియో, డ్రోన్ షాట్లు, రిజిస్ట్రేషన్, ఆధార్. అప్పుడో? సాక్షికి వచ్చిన నలుగురి జ్ఞాపకమే సర్టిఫికెట్. మీ తాతమ్మ పెళ్లి జరిగిందని ఇరవై ఏళ్ల తర్వాత, వెయ్యి కిలోమీటర్ల అవతల, మీ శత్రువులు డబ్బిచ్చి పెట్టుకున్న లాయర్ ముందు రుజువు చెయ్యమంటే మీరు చెయ్యగలరా? ఆ నలుగురిలో ఇద్దరు పోయుంటారు, ఒకాయనకి గుర్తుండదు, ఇంకొకాయన్ని అవతలి వాళ్లు కొనేస్తారు.

కొనేయడం అని ఊరికే అనలేదు. ఇరు పక్షాలూ సాక్షులకి డబ్బులిచ్చాయి. ఇరు పక్షాలూ ఎదుటివాళ్ల సాక్షులు అబద్ధమాడుతున్నారని గగ్గోలు పెట్టాయి. ఇక్కడ మెహదీ హసన్‌ని కూడా నేను వెనకేసుకురాను. తప్పుడు సాక్ష్యాల ఆటలో ఆయన పక్షం కూడా దిగింది. జడ్జి చేసినవాడికి ఆ ఆట ఎలా ముగుస్తుందో తెలియాలి. తెలిసీ దిగాడు.

విచిత్రం చూడండి, సరిగ్గా ఆ ఏడాదే, 1892 ఆగస్టులో, విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటిసారి స్టేజీ ఎక్కింది. దొంగ సాక్షులు, ప్లీడర్లు, కోర్టు ఖర్చులు, పగలు పెద్దమనుషులై రాత్రి వేశ్య ఇంట్లో దాక్కునే మగవాళ్లు. మన తెలుగు నేల మీద ఒకపక్క అది నాటకంగా ఆడుతుంటే, ఇంకోపక్క హైదరాబాద్‌లో నిజంగానే నడుస్తోంది. తేడా ఏంటంటే, మధురవాణికి గురజాడ తెలివైన మాటలిచ్చాడు. గెర్ట్రూడ్‌కి మాటలిచ్చినవాడు లేడు.

1893 ఏప్రిల్‌లో తీర్పొచ్చింది. మిత్ర నిర్దోషి. ఆ కరపత్రాన్ని అచ్చు వేసి పంచింది ఇతనేనని రుజువు కాలేదు. అంతే.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. తొమ్మిది నెలల్లో వేశ్యావృత్తి, వావివరసలు తప్పడం, లంచాలు, అబద్ధపు సాక్ష్యాలు ఇలా ఎన్నెన్ని ఆరోపణలొచ్చాయో. వాటిలో దేని మీదా తీర్పు లేదు. ఆవిడ వేశ్య అని కోర్టు చెప్పలేదు. కాదు అని కూడా చెప్పలేదు. పెళ్లైందనీ చెప్పలేదు, కాలేదనీ చెప్పలేదు. మరి ఆ కరపత్రంలో ఇంకో సగం ఉంది కదా? పై అధికారుల దగ్గరకి పంపించాడు, వాళ్లు ప్రమోషన్లు ఇచ్చారు అని. అది నిజమైతే ఆ పై అధికారులు ఎవరు? ప్రభుత్వ పదవులు అలా పంచిన వాళ్లని పిలిచి అడగాలి కదా? అబద్ధమైతే అంత మాట రాసినవాణ్ని పట్టుకోవాలి కదా? రెండూ జరగలేదు. ఆరోపణలో ఆడమనిషికి సంబంధించిన సగాన్ని తొమ్మిది నెలలు తవ్వారు. అధికారానికి సంబంధించిన సగాన్ని ముట్టుకోలేదు.

కప్పిపుచ్చడం అంటే మనం సినిమాల్లో చూసినట్టు ఫైళ్లు తగలబెట్టడం, సాక్షిని లారీతో గుద్దించడం అనుకుంటాం. ఇక్కడ ఒక్క ఫైలు కూడా కాల్చక్కర్లేకపోయింది. ఒక మనిషి జీవితాన్ని నడిబజార్లో ఆరేస్తే, జనం దాన్నే చూస్తూ నిలబడ్డారు, వెనక తలుపులోంచి వెళ్లాల్సినవాళ్లు వెళ్లిపోయారు. మా ఆఫీసులో కోడ్ పాడైతే మొదట అడిగే ప్రశ్న, ఈ కమిట్ ఎవరిది అని. ఇక్కడ సర్వర్ కూలిపోయింది, ఉద్యోగాలు పోయాయి, కమిట్ దగ్గర పేరు మాత్రం ఖాళీ. ఆ ఖాళీ ఉన్నందువల్ల ఎవరికి లాభమో చూడాలంటే 1893 చూస్తే చాలు. ఆస్మాన్ జా ప్రధానమంత్రి పదవి నుంచి దిగిపోయాడు, వికారుల్ ఉమరా వచ్చాడు. నాన్ ముల్కీల్లో అందరికన్నా బలమైనవాడు మొహ్సినుల్ ముల్క్ కూడా ఆ ఏడే హైదరాబాద్ వదిలి అలీగఢ్ వెళ్లిపోయాడు. ఇవన్నీ ఒక్క కరపత్రం వల్లే అయ్యాయనను. అది ఆ యుద్ధంలో ఒక ఆయుధం, అంతే.

బ్రిటిష్ వాళ్లకి ఇలాంటివి కొత్తేమీ కాదు. 1890లో లండన్‌లో ఐరిష్ నాయకుడు పార్నెల్ ఒక విడాకుల కేసులో పేరు బయటపడి రాజకీయంగా కూలిపోయాడు. అయితే అక్కడ పార్నెల్‌ని సమర్థించేవాళ్లు సభలు పెట్టారు, తిట్టేవాళ్లూ సభలు పెట్టారు, ఎన్నికలు జరిగాయి. హైదరాబాద్‌లో మామూలు జనం అలా నోరు విప్పి వాదించుకునే వేదికే లేదు.

ఇంతకీ ఈ కోర్టు ఎవరి ఏలుబడిలో ఉందో ఆ రెసిడెన్సీ భవనం ఇప్పుడు ఏంటో తెలుసా? కోఠీ ఉమెన్స్ కాలేజీ. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు వెళ్లి చూడండి, ఆ స్తంభాలు చూస్తే మతి పోతుంది. దాన్ని కట్టించిన రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ మీద కూడా ఇలాంటి గొడవే జరిగింది, ఈ కథకి తొంభై ఏళ్ల ముందు. ఆయన ఖైరున్నీసా అనే నవాబుల ఇంటి అమ్మాయిని ప్రేమించి ముస్లిం పద్ధతిలో పెళ్లి చేసుకున్నాడు. కలకత్తా పెద్దలు విచారణ వేశారు. ఏమైంది? ఏం కాలేదు. 1805లో చనిపోయేదాకా ఆయనే రెసిడెంట్. ఆ తోటలో భార్య కోసం కట్టించిన బొమ్మ భవనం ఇప్పటికీ ఉంది, జనం ఫోటోలు దిగుతారు. మనమందరం దాన్ని గొప్ప ప్రేమకథ అంటాం.

తెల్ల మగాడు, ఇండియన్ అమ్మాయి అయితే ప్రేమకథ. ఇండియన్ మగాడు, తెల్లమ్మాయి అయితే ‘స్త్రీలకు విజ్ఞప్తి’. అయినా మగవాళ్ల సంగతి అలా ఉంచండి, ఆ ప్రేమకథలో అమ్మాయి ఏమైందో మన రీల్స్‌లో ఎవరూ చెప్పరు. పిల్లలిద్దర్నీ 1805లో ఇంగ్లాండ్ పంపేశారు, ఆ తల్లి మళ్లీ వాళ్లని చూడలేదు. భర్త పోయాక ఆయన కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ దగ్గరయ్యాడు, కొన్నాళ్లకి వదిలేశాడు. పరువు పోయిందని ఊళ్లోకి రానివ్వకపోతే మన మచిలీపట్నంలో ప్రవాసం ఉంది. 1813లో చనిపోయింది. ఇంకా ముప్పై నిండలేదు.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అంటారు మన పెద్దలు. మా కామెంట్లలో కూడా రోజూ కనపడుద్ది ఈ సామెత, ఏ హీరోయిన్ మీద ఏ పుకారొచ్చినా. నాకు ఆ సామెత మీద కోపం. దోమలకి కూడా పొగ పెడతారండీ. ఎవరో కావాలని కూర్చుని పెడితేనే వస్తుంది ఆ పొగ.

మళ్లీ 1893కి. తీర్పొచ్చిన కొద్ది రోజులకే మెహదీ హసన్, గెర్ట్రూడ్ రైలెక్కి లక్నో వెళ్లిపోయారు. నిజాం ప్రభుత్వం ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. పింఛను ఇవ్వలేదు, నష్టపరిహారం లేదు. లక్నోలో పాత బ్రిటిష్ ప్రభుత్వంలోనే మళ్లీ ఉద్యోగానికి ప్రయత్నించాడు, దొరకలేదు. ఒకప్పుడు రాణిగారంటే పడి చచ్చేవాడు, కాంగ్రెస్ అంటే ప్రమాదం అని దొరల తరఫున మాట్లాడినవాడు. దొరలు ఒక్కరూ పలకలేదు. 52 ఏళ్లకి, 1904లో చనిపోయాడు. భార్యకి ఏమీ మిగల్చలేదు.

ఒక విషయం మాత్రం గమనించాలి. అంత బురద మీద పడ్డా ఆయన ఆవిడని వదిలెయ్యలేదు. వదిలేసి, ఆవిడ నన్ను మోసం చేసింది అని ఒక్క మాటంటే ఆ రోజుల్లో సమాజం ఆయన్నే ఓదార్చేది, ఉద్యోగం కూడా మిగిలేదేమో. అనలేదు. ఆవిడా వదిలి వెళ్లలేదు. పెళ్లి కాలేదని రాసినవాడికి దీనికి మించిన జవాబు ఏముంటుందో నాకు తెలీదు గానీ, ఇది కోర్టులో ఎగ్జిబిట్‌గా పెట్టడానికి కుదిరేది కాదు.

గెర్ట్రూడ్ ముసలిదైపోయింది, చేతిలో డబ్బు లేదు. ఆఖరి రోజుల్లో ఎక్కడికి ఉత్తరం రాసిందో తెలుసా అండీ? హైదరాబాద్‌కే. నిజాం ప్రధానమంత్రికి. తన చేత్తో రాసుకుంది, బతకడానికి ఏదైనా సాయం చెయ్యండని. ఆ ప్రభుత్వం దయతలచి చిన్న భత్యం మంజూరు చేసింది. ఆ డబ్బు రావడం మొదలైన కొద్ది రోజులకే ఆవిడ ప్లేగుతో చనిపోయింది.

వచ్చే ఎపిసోడ్ సింగరేణి గురించి. 1888లో లండన్‌లో మన బొగ్గుని ఎవరు ఎంతకి అమ్మారో, డబ్బు ఎటు పోయిందో చూద్దాం. ఉంటానండీ.